కంట్రోల్ రూమ్‌లో ఎన్ని కుర్చీలు నిండాలి? ఎమర్జెన్సీ లెవెల్స్ వెనక లెక్క

వినాయక నిమజ్జనం రోజు హైదరాబాద్‌లో ఒక వింత జరుగుతుంది కానీ అలవాటైపోయి ఎవరికీ వింతగా అనిపించదు. పోలీసులు, జీహెచ్‌ఎంసీ, వాటర్ బోర్డు, కరెంటు వాళ్ళు, ఆర్టీసీ, మెట్రో, ఫైర్, 108, క్రేన్ల లెక్క చూసేవాళ్ళు, గజ ఈతగాళ్ళని పెట్టేవాళ్ళు, మామూలు రోజుల్లో ఎవరి ఆఫీసు వాళ్ళది ఎవరి ఫైలు వాళ్ళది అన్నట్టు ఉండే అందరూ ఆ ఒక్క రోజు ఒకరికొకరు అందుబాటులో కూర్చుంటారు. బాలాపూర్ గణేశుడు చార్మినార్ దాటాడా, ఎంజే మార్కెట్ దగ్గర లైను ఎందుకు ఆగింది, ట్యాంక్‌బండ్ మీద ఏ క్రేన్ ఖాళీగా ఉంది, ఎక్కడ చెట్టు కొమ్మ వైర్ల మీదకి వచ్చింది, ఇలాంటివి ఒకరు అడిగితే పక్క కుర్చీలోంచే జవాబు వస్తుంది. లెటర్ అక్కర్లేదు, ఫైలు అక్కర్లేదు. ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ వాళ్ళ భాషలో దీన్ని ఫుల్ యాక్టివేషన్ అంటారు. మనం బందోబస్తు అంటాం.

అదే ఊళ్ళో ఏ ఆగస్టు సాయంత్రమో ఆరింటికి మబ్బు కమ్ముకుని గంటన్నరలో కుమ్మేస్తే మాత్రం కథ వేరు. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర మోకాళ్ళ లోతు, మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద బస్సు ఆగిపోయింది, టోలీచౌకిలో సెల్లార్లు నిండాయి, ఇటు ఐటీ కారిడార్ అంతా ఒక్కసారి రోడ్డెక్కింది. ఎవరెవరు రావాలో అనుకునే లోపే వాన వెలిసిపోతుంది. నిమజ్జనానికి తేదీ పంచాంగంలో ఉంటుంది, కుండపోతకి ఉండదు, అసలు సమస్యంతా అక్కడే. తేదీ తెలీని రోజున కూడా నిమజ్జనం రోజులాగా కూర్చోవాలంటే ఎవరు, ఎప్పుడు, ఏది చూసి పిలవాలన్నది ముందే రాసిపెట్టుకోవాలి. అలా రాసిపెట్టుకున్నదే యాక్టివేషన్ లెవెల్స్. పేరు పెద్దగా ఉంది కానీ విషయం ఇంతే.

ముందు ఎమర్జెన్సీ ఆపరేషన్స్ సెంటర్, అదే ఈఓసీ, దాని గురించి ఒక అపోహ తీసేయాలి. అక్కడి నుంచి రెస్క్యూ నడుపుతారని చాలామంది అనుకుంటారు, సినిమాల ప్రభావం కావచ్చు. నిజానికి బోటు ఏ సందులోకి తిప్పాలో, ఏ ఇంటి మీద జనం ఉన్నారో, తాడు ఎటు కట్టాలో చూసుకునేది స్పాట్‌లో ఉన్న ఆఫీసర్. ఆయనకి రెండో బోటు కావాలంటే ఎక్కడ్నుంచి తేవాలి, ఆ బోటు వచ్చే దారిలో ట్రాఫిక్ ఎవరు క్లియర్ చేయాలి, ఆ వీధికి కరెంటు ఇచ్చే ఫీడర్ లైను ఎవరు ఆపాలి, తీసుకొచ్చిన జనాన్ని ఏ ఫంక్షన్ హాల్లో పెట్టాలి, వాళ్ళకి రాత్రి భోజనం ఎవరు పంపాలి, ఇదంతా ఈఓసీ పని. స్పాట్ ఆఫీసర్ అడుగుతాడు, ఈఓసీ సమకూరుస్తుంది. పెళ్ళిలో మండపం దగ్గర పంతులుగారూ వెనక వంటలూ లెక్కలూ చూసే మేనమామా ఉంటారే, అలాగన్నమాట. మేనమామ మండపం ఎక్కి మంత్రాలు చదవడు, చదివితే రెండూ చెడతాయి.

ఇక లెవెల్ అంటే ఏమిటి? ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. ప్రమాదం ఎంత పెద్దదో చెప్పే నంబర్ కాదది. ఎంతమంది ఒక చోట కూర్చుని పని చేయాల్సి వస్తోందో చెప్పే నంబర్. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో అగ్నిప్రమాదం జరిగి పిల్లలతో కలిపి 17 మంది పోయారు. ఊరంతా కదిలిపోయిన ఘోరం అది. కానీ సమన్వయం లెక్కలో చూస్తే అలాంటి ఘటనలో పని ఒక భవనం చుట్టూ, నాలుగైదు డిపార్ట్‌మెంట్ల మధ్య, కొన్ని గంటల్లో జరిగేది, ఫైర్, పోలీస్, 108, హాస్పిటళ్ళు, కరెంటు. పన్నెండు శాఖల ఆఫీసర్లు ఎక్కడో రూమ్‌లో కూర్చుంటే అక్కడ పొగలో ఉన్న ఫైర్‌మన్‌కి ఒరిగేదేమీ ఉండదు. ఇంకో రాత్రి ఒక్క ప్రాణం కూడా పోకుండానే వంద చోట్ల నీళ్ళు నిలిచి, పదుల ఫీడర్లు ట్రిప్ అయి, మూడు నాలాలు పొంగి, పక్క జిల్లాలో చెరువు కట్ట బీటలిచ్చిందని ఫోన్ వచ్చిందనుకోండి, ఆ రాత్రికి అందరూ కావాలి. వార్తల్లో మొదటిదే పెద్దది. కంట్రోల్ రూమ్‌కి రెండోది పెద్దది.

నంబర్ల గందరగోళం

అమెరికాలో విపత్తులు చూసే కేంద్ర సంస్థ ఫెమా వాళ్ళ నేషనల్ ఇన్సిడెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఒకటి ఉంది, 2017లో వచ్చిన దాని మూడో ఎడిషన్‌లో ఈఓసీలకి మూడు లెవెల్స్ చెప్పారు. లెవెల్ 3 అంటే మామూలు రోజు, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. లెవెల్ 2 అంటే నమ్మదగిన ముప్పు కనిపిస్తోంది లేదా ఏదో మొదలై ముదిరేలా ఉంది, కాబట్టి అవసరమైన కొందరిని పిలుస్తారు, దీన్నే పార్షియల్ అంటారు. లెవెల్ 1 అంటే అందరూ రావాలి. అంటే నంబర్ తగ్గేకొద్దీ తీవ్రత పెరుగుతుంది.

మన దగ్గర తలకిందులు. నేషనల్ డిజాస్టర్ మేనేజ్‌మెంట్ ప్లాన్‌లో ఎల్0 నుంచి ఎల్3 దాకా ఉంటాయి. ఎల్0 మామూలు కాలం, ట్రైనింగులూ ప్రిపరేషన్లూ చేసుకునే టైమ్. ఎల్1 జిల్లా తనంతట తాను చూసుకోగలిగేది, ఎల్2 రాష్ట్రం చేయి కలపాల్సినది, ఎల్3 రాష్ట్రం కూడా మోయలేక కేంద్రం దిగాల్సినది. ఇక్కడ నంబర్ పెరిగితే తీవ్రత పెరుగుతుంది. అమెరికన్ మాన్యువల్ చూసి తయారైన ట్రైనింగ్ స్లైడ్లు మన దగ్గర కూడా తిరుగుతుంటాయి కాబట్టి ఒకే వాక్యంలో "లెవెల్ 1 డిక్లేర్ చేశాం" అంటే వినేవాడు ఏం చదువుకుని వచ్చాడన్నదాన్ని బట్టి, ఇంటికెళ్ళి పడుకోవచ్చు అనైనా అనుకుంటాడు, పరిగెత్తుకుంటూ అయినా వస్తాడు. చిన్న విషయంలా ఉంటుంది కానీ రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో చిన్న విషయం కాదు.

తేడా నంబర్ల దిశలోనే కాదు, ఇంకా లోతుగా ఉంది. ఎల్ సిరీస్ చెప్పేది విపత్తు ఎవరి తాహతుకి మించిందీ అని, అంటే జిల్లాదా, రాష్ట్రందా, దేశందా అని. అమెరికన్ సిరీస్ చెప్పేది ఈ ఒక్క రూమ్ ఎంత నిండాలీ అని. ఎల్1 విపత్తులోనే జిల్లా ఈఓసీ పూర్తిగా నిండిపోవచ్చు, ఎందుకంటే పని మొత్తం జిల్లానే చేసుకోవాలి కదా. రెండూ వేరు వేరు కొలతలు, ఒకటి సెంటీమీటర్లూ ఇంకోటి కిలోలూ లాంటివి. వీటిని కలిపేసి ఒకే టేబుల్‌లో పెట్టిన ప్లాన్ పేపర్ మీద అందంగానే ఉంటుంది, పనికి మాత్రం రాదు.

వీటికి తోడు వాతావరణ శాఖ రంగులు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏమీ లేదని, పసుపు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే చర్య తీసుకోమని. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఇవి మంచి కొలతలే, ఎవరూ కాదనరు. కానీ హైదరాబాద్ లాంటి ఊళ్ళో 24 గంటల లెక్క సగం కథే చెప్తుంది. ఏడు సెంటీమీటర్లు రోజంతా ముసురులా పడితే గొడుగు పట్టుకుని ఆఫీసుకి పోతాం, అదే ఏడు సెంటీమీటర్లు గంటలో పడితే పంజాగుట్ట నుంచి బేగంపేట వెళ్ళడానికి రెండున్నర గంటలు పడుతుంది. పైగా రంగు జిల్లాకి ఇస్తారు, నాలా మాత్రం వీధిలో పొంగుతుంది. అందుకే రంగునే లెవెల్ అనుకుని "ఆరెంజ్ వచ్చింది కాబట్టి పార్షియల్, రెడ్ వచ్చింది కాబట్టి ఫుల్" అని కట్టేస్తే రెండు రకాలుగా దెబ్బతింటాం. వాన రాని ఆరెంజ్‌లు నాలుగైదు అయ్యాక పిలిస్తే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, పసుపు రోజున మాత్రం కుత్బుల్లాపూర్‌లో కొట్టేస్తుంది. రంగు చూసి చెవులు రిక్కించుకోవాలి, కుర్చీలు నింపడానికి ఇంకేదో చూడాలి.

ఆ ఇంకేదో ఏమిటంటే

బయట మంచి లోకల్ ప్లాన్లలో ట్రిగ్గర్లు, అంటే లెవెల్ పెంచమని చెప్పే గుర్తులు, రాసే తీరు చూస్తే అన్నీ చివరికి కొన్ని ప్రశ్నల దగ్గరకే వస్తాయి. ఎన్ని చోట్ల ఒకేసారి జరుగుతోంది, ఎన్ని శాఖలు కలిస్తే తెగుతుంది, చేతిలో ఉన్న టీములూ పంపులూ ఎంత శాతం ఇప్పటికే బయట ఉన్నాయి, ఒక షిఫ్టులో అయ్యేదేనా. వీటిలో మూడోది మనవాళ్ళు తక్కువగా పట్టించుకునేది, నిజానికి అదే అన్నిటికంటే నమ్మకమైన గుర్తు. డీఆర్‌ఎఫ్ (డిజాస్టర్ రెస్పాన్స్ ఫోర్స్) టీములన్నీ ఫీల్డ్‌లోకి వెళ్ళిపోయి, తర్వాత వచ్చే కాల్‌కి పంపడానికి ఎవరూ మిగలని క్షణం వస్తుంది చూడండి, వాన సెంటీమీటర్లు ఎంతైనా కానివ్వండి, అప్పటికే ఒక లెవెల్ ఆలస్యంగా ఉన్నట్టు లెక్క. సగం టీములు బయటికెళ్ళినప్పుడే పై లెవెల్‌కి పోవాలని రాసిపెట్టుకుంటే, పిలిచినవాళ్ళు దారిలో ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి మిగతా సగం కూడా అయిపోతాయి, లెక్క సరిపోతుంది. అవును, ఆఫీసర్లు కూడా అదే నీళ్ళలోంచి రావాలి, వాళ్ళకేం విమానాలు లేవు. వాన మొదలయ్యాక పిలవడం కంటే మబ్బు పట్టినప్పుడే పిలిచి వాన రాకపోతే టీ తాగించి పంపడం చవక.

డేటా లేదని చెప్పడానికి కూడా లేదు. బేగంపేటలో వాతావరణ శాఖ రాడార్ ఉంది, నౌకాస్ట్‌లు, అంటే వచ్చే మూడు గంటల అంచనాలు, ఇస్తారు. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లు ఊరంతా ఉన్నాయి, ఏ ఏరియాలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో వాన పడుతుండగానే తెలుస్తుంది. ఊళ్ళో వెదర్ చూసే కుర్రాళ్ళు ఆ నంబర్లు అప్పటికప్పుడు సోషల్ మీడియాలో పెట్టేస్తున్నారు, జనం దాన్ని చూసే ఆఫీసు నుంచి ఎప్పుడు బయల్దేరాలో డిసైడ్ చేసుకుంటున్నారు. అంత చిన్న నిర్ణయమే నంబర్ చూసి తీసుకుంటున్నప్పుడు కంట్రోల్ రూమ్ లెవెల్‌ని కూడా "గంటలో ఇన్ని స్టేషన్లలో ఇన్ని మిల్లీమీటర్లు దాటితే" అని కట్టడం కష్టమేం కాదు.

అయితే హైదరాబాద్‌కి ఒకటి కాదు, రెండు గడియారాలు ఉన్నాయి. మొదటిది వీధి గడియారం, సాయంత్రం వాన, నాలా, అండర్‌పాస్, మ్యాన్‌హోల్. దీనికి దొరికే టైమ్ గంట, రెండు గంటలు, ఒక్కోసారి అదీ ఉండదు. రెండోది మూసీ గడియారం, ఇది నెమ్మది. వికారాబాద్ వైపు, శంకర్‌పల్లి వైపు, షాబాద్ వైపు పడిన వాన గండిపేటకీ హిమాయత్ సాగర్‌కీ రావాలి, అవి నిండాలి, వాటర్ బోర్డు గేట్లు ఎత్తాలి, ఆ నీళ్ళు లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర కలిసి పురానాపూల్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ చేరాలి. గంటల కొద్దీ టైమ్ ఉంటుంది. ఒకే ట్రిగ్గర్ షీట్ రెండిటికీ వాడితే ఒకదానికి ఆలస్యం అవుతుంది, ఇంకోదానికి అనవసరంగా తొందరవుతుంది.

2025 సెప్టెంబర్ 26 రాత్రి జరిగింది ఈ రెండో గడియారం కథే. జంట జలాశయాల (గండిపేట, హిమాయత్ సాగర్) గేట్లు ఎత్తాక మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి నీళ్ళొచ్చాయి, దసరాకి ఊళ్ళకి పోదామని వచ్చిన జనం బస్టాండ్‌లో చిక్కుకుపోయారు, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు లోతట్టు ఇళ్ళు మునిగాయి. ఎవరిది తప్పు అని తేల్చడం ఇక్కడ పని కాదు. లెవెల్స్ కోణంలో చూస్తే మాత్రం ఒక విషయం స్పష్టం. గేటు ఎత్తడం ఒక శాఖ నిర్ణయం, బస్టాండ్ ఖాళీ చేయడం ఇంకో సంస్థ నిర్ణయం, బ్రిడ్జి మూయడం పోలీసుల నిర్ణయం, బస్తీ ఖాళీ చేయించడం రెవెన్యూ, జీహెచ్‌ఎంసీ నిర్ణయం, ఈ నాలుగింటి మధ్య ఉన్నది కొన్ని గంటల నీటి ప్రయాణం. అంటే "గేట్లు ఇన్ని అడుగులు దాటి ఎత్తుతున్నారు" అన్నదే ఒక ట్రిగ్గర్ అయి ఉండాలి. ఆ మాట చెవిన పడగానే ఆర్టీసీ మనిషీ ట్రాఫిక్ మనిషీ వచ్చి కూర్చోవాలి. అప్పటికి వాన పడుతోందా లేదా అన్నది అనవసరం, హైదరాబాద్‌లో ఆకాశం తేటగా ఉన్నా సరే. మూసీకి ఆకాశం వికారాబాద్‌లో ఉంటుంది.

1908 సెప్టెంబర్ 28 కూడా ఇదే పాఠం, వంద రెట్లు ఘోరంగా. పైన రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగి ఆ నీళ్ళన్నీ ఊరి మీద పడ్డాయి, వేల మంది పోయారు, ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి బతికినవాళ్ళ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. వరద ఆపడానికీ తాగునీళ్ళకీ రెండిటికీ పనికొచ్చేవి ఆ రెండూ. వరదకి చోటు ఉంచడానికి ఖాళీగా ఉండాలి, తాగునీటికి నిండుగా ఉండాలి, ఈ లాగులాట ఈఓసీ టేబుల్ మీదకి కూడా వస్తుంది.

మధ్య లెవెల్‌లోనే అసలు పని

ఫుల్ యాక్టివేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, అందరూ వస్తారు, అంతే. మామూలు లెవెల్ గురించి కూడా అంతే, ఫోన్లు ఎత్తేవాళ్ళుంటారు, జిల్లాకి 1077, రాష్ట్రానికి 1070 ఉంటాయి. నిజంగా బుర్ర పెట్టాల్సింది మధ్యదానికి. పార్షియల్ అంటే "కొంతమంది" అని రాసి వదిలేస్తే ఆ కొంతమంది ఎవరన్నది ప్రతిసారీ వాట్సాప్ గ్రూపులో తేలుతుంది, అక్కడ యాభై మంది "నోటెడ్ సర్" పెడతారు, వచ్చేది ఇద్దరు. ముప్పుని బట్టి కుర్చీలు ముందే పేరు రాసి ఉండాలి. వీధి వాన అయితే డీఆర్‌ఎఫ్ టీములున్న హైడ్రా (ఊళ్ళో విపత్తులూ చెరువుల ఆక్రమణలూ చూసే సంస్థ), జీహెచ్‌ఎంసీ ఇంజనీరింగ్, ట్రాఫిక్, కరెంటు, మ్యాన్‌హోళ్ళ కోసం వాటర్ బోర్డు. ఐదుగురు చాలు. మూసీ అయితే వాటర్ బోర్డు జలాశయాల మనిషి, ఇరిగేషన్, రెవెన్యూ, ట్రాఫిక్, ఆర్టీసీ. ఎండాకాలం వడగాలులైతే హెల్త్, లేబర్, వాటర్ బోర్డు, కరెంటు, అప్పుడు ట్రాఫిక్ వాళ్ళు అక్కర్లేదు, వాళ్ళే ఎండలో ఉన్నారు పాపం.

ఇంకో మాట, వచ్చే మనిషికి సంతకం పెట్టే అధికారం ఉండాలి. "పైవాళ్ళని అడిగి చెప్తా సర్" అనే మనిషి కుర్చీలో కూర్చుంటే ఆ కుర్చీ ఖాళీగా ఉన్నట్టే, పైగా నిండినట్టు కనిపిస్తుంది కాబట్టి ఖాళీ కంటే ప్రమాదం. కరెంటు వాళ్ళ తరఫున వచ్చినవాళ్ళు ఆ వీధి ఫీడర్ ఆపమని అక్కడి నుంచే చెప్పగలగాలి. నీళ్ళలో నిలబడ్డ జనానికి కరెంటు షాక్ కొట్టడం ప్రతి వానాకాలం చూస్తున్న విషయమే, అది ఆపాల్సింది నిమిషాల్లో.

లెవెల్ పెంచే అధికారం ఎవరిది అన్నది దీనికి జోడీ ప్రశ్న. మన పద్ధతిలో పెద్ద నిర్ణయం పెద్ద ఆఫీసర్‌ది. 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఎన్‌డీఎంఏ ఇచ్చిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ గైడ్‌లైన్స్ ప్రకారం జిల్లాలో కలెక్టర్ రెస్పాన్సిబుల్ ఆఫీసర్, రాష్ట్రంలో చీఫ్ సెక్రటరీ. అది సరైనదే, బాధ్యత ఒకరిదై ఉండాలి. కానీ గంటలో ముగిసిపోయే వీధి వానకి లెవెల్ పెంచడానికి కూడా పైదాకా వెళ్ళి రావాలంటే ఆ పర్మిషన్ వచ్చేసరికి రోడ్లు ఎండిపోతాయి. మధ్య లెవెల్ దాకా పెంచే హక్కు రాత్రి డ్యూటీలో ఉన్న ఆఫీసర్‌కే రాతపూర్వకంగా ఇచ్చేయాలి, పెంచాక పైవాళ్ళకి చెప్తే చాలు. ఫుల్ మాత్రం పైవాళ్ళది. ఇంకా ముఖ్యం, అనవసరంగా పెంచారని మర్నాడు ఆయన్ని నిలదీయకూడదు. ఒక్కసారి నిలదీస్తే ఇక ఆ రూమ్‌లో ఎవరూ జన్మలో ఫోన్ ఎత్తి "రండి" అనరు.

దింపడం ఇంకా కష్టం

పెంచడం గురించి అందరూ రాస్తారు, దింపడం గురించి ప్లాన్లలో ఒక్క లైను ఉంటుంది, "పరిస్థితి సద్దుమణిగాక" అని. ఎవరు సద్దుమణిగిందని చెప్పాలి? 2020 అక్టోబర్ 13ని గుర్తు చేసుకుంటే అర్థమవుతుంది. బేగంపేటలో 24 గంటల్లో దాదాపు 19 సెంటీమీటర్లు, 2000 ఆగస్టులో పడ్డ 24 సెంటీమీటర్ల తర్వాత అంత పెద్ద వాన మళ్ళీ అదే. ఘట్‌కేసర్ దగ్గర 30 దాటింది. పాతబస్తీ పక్కన పల్లె చెరువు తెగింది, ఆర్మీని కూడా పిలిచారు. వాన ఆగింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ చెరువులన్నీ నిండుకుండల్లా ఉన్నాయి, నేల ఇంక ఒక్క చుక్క తాగే స్థితిలో లేదు, టోలీచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల నీళ్ళు రోజుల తరబడి పోలేదు. నాలుగు రోజులకి 17 రాత్రి మళ్ళీ కొట్టింది, బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగింది.

అంటే ఆకాశం చూసి లెవెల్ దింపకూడదు, చెరువు చూసి దింపాలి. చెరువులు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) కిందికి ఇంత దిగాయా, మూసీ బ్రిడ్జిలు తెరిచారా, షెల్టర్లలో జనం ఇళ్ళకి పోయారా, ఆగిన ఫీడర్లు మళ్ళీ ఎక్కాయా, ఇలాంటివి టిక్ పెట్టుకుంటూ ఒక్కో కుర్చీ వదలాలి. అందరూ ఒకేసారి లేచిపోనక్కర్లేదు. ట్రాఫిక్ వాళ్ళు తెల్లారేసరికి వెళ్ళిపోవచ్చు, హెల్త్ వాళ్ళు మాత్రం అప్పుడే రావాలి, ఎందుకంటే వరద తర్వాత వారం రోజులకి డయేరియా కేసులు మొదలవుతాయి. వరద కంట్రోల్ రూమ్‌కి వాన తర్వాత ఐదో రోజు ఎవరూ ఫొటోలు తీయడానికి రారు, ఆ రోజు దాన్ని నడపడమే అసలు పరీక్ష.

అలాగని అందర్నీ రోజుల తరబడి కూర్చోబెట్టడం కూడా తప్పే. 36 గంటలు నిద్ర లేని ఆఫీసర్ తీసుకునే నిర్ణయం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఫుల్ యాక్టివేషన్ 12 గంటలు దాటేలా ఉంటే మొదటి గంటలోనే రెండో షిఫ్టుని ఇంటికి పంపి పడుకోమనాలి. మన దగ్గర ఆపద వస్తే అందరూ ఉండిపోతారు, వెళ్ళిపోతే బాగోదని. మంచి గుణమే, కానీ రెండో రాత్రికి రూమ్ మొత్తం కునికిపాట్లు పడుతుంటుంది.

హద్దులు, చట్టం, ఒక బిల్డింగ్

హైదరాబాద్‌కి ఉన్న ఇంకో చిక్కు, నీళ్ళకి జిల్లా తెలీదు. జంట జలాశయాలు రంగారెడ్డి జిల్లాలో, మునిగేది హైదరాబాద్ జిల్లాలో, ఘట్‌కేసర్ మేడ్చల్ మల్కాజిగిరిలో. 2005 డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకీ కలెక్టర్ అధ్యక్షతన ఒక అథారిటీ, అంటే ఒకే వానకి మూడు ఈఓసీలు మూడు లెవెల్స్‌లో ఉండే అవకాశం ఉంది, ఒకటి ఫుల్, ఒకటి పార్షియల్, ఒకటి మామూలు. 2024 జూలైలో హైడ్రా పెట్టి ఔటర్ రింగ్ రోడ్ దాకా పరిధి ఇచ్చింది కొంతవరకు ఈ హద్దుల గోల తగ్గించేదే, అయితే హైడ్రా పేరు చెప్తే జనానికి ముందు కూల్చివేతలే గుర్తొస్తాయి, బోట్లు తర్వాత. 2025లో చట్టానికి సవరణ వచ్చి రాష్ట్ర రాజధానులకీ మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకీ అర్బన్ డిజాస్టర్ మేనేజ్‌మెంట్ అథారిటీ పెట్టుకోవచ్చని చెప్పింది, మున్సిపల్ కమిషనర్, కలెక్టర్ ఇద్దరూ అందులో ఉంటారు. ఊరికి ఒకే లెవెల్ అన్నది కాగితం మీద సాధ్యం కావాలంటే దారి అదే అనిపిస్తోంది. అది వచ్చేదాకా కనీసం ఒక రూల్ పెట్టుకోవచ్చు, పైన ఉన్న జిల్లా లెవెల్ పెంచితే కింద ఉన్న జిల్లా అడగకుండానే ఒక మెట్టు ఎక్కాలి. నది ఎటు పారితే అటు.

బిల్డింగ్ సంగతి కూడా. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో 2022 ఆగస్టులో మొదలైన పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్ ఉంది, ఊరంతా కనిపించే కెమెరాల తెర, శాఖలన్నీ కూర్చునే చోటు, ఫుల్ యాక్టివేషన్‌కి దాన్ని మించిన గది లేదు. ఎత్తు మీద ఉంది, మునగదు. కానీ కుండపోత వేళ అక్కడికి ఎక్కి రావడమే ఒక యుద్ధం. న్యూయార్క్ సిటీ తన ఈఓసీని 7 వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో పెట్టుకుంది, 2001 సెప్టెంబర్ 11న అన్నిటికంటే అవసరమైన రోజే దాన్ని ఖాళీ చేయాల్సి వచ్చింది, సాయంత్రానికి బిల్డింగే కూలిపోయింది, తర్వాత నది ఒడ్డున పియర్ 92లో మళ్ళీ పెట్టుకున్నారు. అందుకే మంచి ప్లాన్లలో ప్రతి లెవెల్‌కీ రెండో చోటు పేరు ఉంటుంది. మధ్య లెవెల్‌కి అందరూ ఒకే బిల్డింగ్‌కి రావాలని కూడా లేదు, వీడియో కాల్‌లో ఐదుగురూ ఉంటే చాలు, కాకపోతే టవర్లకి కరెంటు పోతే ఏం చేయాలో వైర్‌లెస్ సెట్ దగ్గర రాసి పెట్టుకోవాలి.

ఇన్ని చెప్పుకున్నాక లెవెల్స్ ఉన్నాయా లేవా అని తేల్చే పద్ధతి చాలా సులువు, ఏ కంట్రోల్ రూమ్‌కైనా పనికొస్తుంది. పోయిన వానాకాలం లాగ్‌బుక్ తీయాలి. లెవెల్ ఎన్ని గంటలకి పెరిగింది, ఎవరు పెంచారు, ఏది చూసి పెంచారు, పిలిచినవాళ్ళలో మొదటి మనిషి ఎన్నింటికి వచ్చి కూర్చున్నాడు, మళ్ళీ ఎప్పుడు దింపారు. ఈ ఐదు గళ్ళూ నిండి ఉంటే లెవెల్స్ ఉన్నట్టు. "భారీ వర్షం, సిబ్బంది అప్రమత్తం" అని ఒక్క లైనే ఉంటే, అది మర్నాడు పొద్దున ప్రెస్ నోట్ కోసం రాసుకున్నది.